గంజి పెట్టని కంబళి

రిటైర్డ్ డీఎస్పీ వీరేష్ జన్మలో చదివిన పుస్తకాలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ బొటనవేలి దాకా పోయే పని లేకుండా. అట్లాంటి మనిషి ఆ బుధవారం పొద్దున మూడొందల పేజీల పుస్తకం చంకలో ఇరికించుకుని మా పక్క ఊరి హైస్కూల్లో తిరుగుతున్నాడంటే, చదువు మీద ప్రేమ పుట్టి కాదని ఆరో తరగతి పిల్లకాయలకు కూడా తెలిసిపోయింది.

ఆ పుస్తకాన్ని నేను ముందురోజే చదివినాను. ఒక వింగ్ కమాండర్ ఆత్మకథ. మనిషి ఇంకా బతికే ఉన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్లు, బెంగుళూరు కాపురం. మా మెట్టల మీద గాలిమరలు నాటే కంపెనీలో డైరెక్టరు. నూట అరవై రెండో పేజీలో ఆయన రాసుకున్న వీరగాథ ఇంతే. 1971 డిసెంబరు పది, సాయంత్రం. సరిహద్దు దగ్గరి విమానాశ్రయం నుంచి రెండు చిన్న యుద్ధ విమానాలు లేచినాయి. ఒకదాంట్లో తాను, ఇంకోదాంట్లో ఫ్లయింగ్ ఆఫీసర్ హనుమంతరాయుడు. ఎదురుగా శత్రువులవి రెండు. హనుమంతరాయుడు ఒక్క గుండు కూడా పేల్చకుండా తోక తిప్పుకుని పారిపోతుంటే వెనకనుంచి కొట్టి కూల్చినారు. తాను ఒంటరిగా నిలబడి శత్రువు విమానం ఒకటి కూల్చినాడు. పతకం వచ్చింది.

ఆ పుస్తకంలో తన అల్సేషియన్ కుక్క పేరు రాసినాడు. తను తాగిన విస్కీ పేరు రాసినాడు. ఆ రోజు తను నడిపిన విమానం నంబరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ సంగతి నా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

హనుమంతరాయుడిది ఈ ఊరే. హైస్కూలుకు యాభై ఏళ్లుగా ఆయన పేరే. గేటు పక్కన నల్లరాయి మీద 'శత్రు విమానమును కూల్చి వీరమరణము నొందిన' అని చెక్కించినారు. చిక్కంతా అక్కడే. ఆ పూట కూలిన శత్రు విమానం ఒకటే. ఒకే పొట్టేలును ఇద్దరు కోయలేరు గదా. అందుకని వింగ్ కమాండర్ దొరకు ఈ ఊరి చదువు మీద ఉన్నట్టుండి దయ పుట్టింది. కొత్త బిల్డింగు కట్టిస్తానన్నాడు. ఆ రాయి పీకాల, ఆ పేరు మార్చాల, షరతు అంతే. ఆ పని జరిపించడానికి దొర పెట్టుకున్న మనిషే వీరేష్. స్కూలు కమిటీ తీర్మానం గురువారం పొద్దున పదకొండు గంటలకు.

పోలీసు ఉద్యోగం వదిలి ప్రైవేటు ఎంక్వయిరీలు చేసుకునే నన్ను హనుమంతరాయుడి చెల్లెలు నల్లమ్మ పిలిపించింది. నేను ఆమె గడప తొక్కేసరికి బుధవారం తొమ్మిదయింది. చేతిలో ఉండేది ఇరవై ఆరు గంటలు.

"బిల్డింగు ఎవని పేరుతో కట్టుకుంటే నాకేమప్పా ఓబిలేషూ" అంది నల్లమ్మ. డెబ్భై ఏళ్ల మనిషి, గొంతులో మాత్రం ఇంకా గొర్రెల మందను అదిలించే జోరుంది. "మా అన్న పీనుగ రాలేదు. సమాధి లేదు. ఆ రాయే మాకు సమాధి. ఏటేటా దానికే నీళ్లు పోసి కాయ కొడతాండా. రేపు దాన్ని పీకేస్తే, నేను యాడికి పోయి కొట్టాల కాయ? ఆ దొర మీసాల మీదనా?"

"దొరకు మీసాలు లేవులేక్కా. పుస్తకం అట్ట మీద చూసినా."

"ఉండవులే. ఉండేదానికి అర్హత ఉండాల గదా."

కూర్చోమని కంబళి పరిచింది. కూర్చున్నాను. కింద చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడో తేడా కొట్టింది. మా తాత కంబళ్లు నేసినవాడు. చింతగింజల గంజి పట్టించిన కంబళి కొత్తల్లో తాటిపట్ట మాదిరి నిలబడుతుంది, వాన పడితే నీళ్లు జారిపోతాయి. ఇది తడిసిన గోనెసంచి మాదిరి సాగిలపడి ఉంది.

"ఎవరు నేసిందక్కా ఇది? ఇంత చచ్చు కంబళి నేను చూడలే."

"తిప్పయ్య. ఆయప్పకు చింతగింజల గంజి పడదు. మైదాపిండి గంజి పెడతాడు. ఈ ఊర్లో పదకొండు మగ్గాలుండాయి, ఆ పిచ్చి ఆయనకొక్కనికే. మిలిట్రీ నుంచి వచ్చినప్పటి నుంచీ చింతగింజ ముట్టడు. ఎందుకప్పా అంటే లేచి ఎల్లిపోతాడు."

"మిలిట్రీలో ఏం పని?"

"మా అన్న దగ్గరే. ఇమానం తుపాకులకు గుండ్లు ఎక్కించే పని. మా అన్నను చూసే ఆయన చేరినాడు. మా అన్న చచ్చిన దినం ఆడనే ఉన్నాడంట. అయితే ఏమి, యాభై నాలుగేండ్లలో ఒక్కసారి గూడా ఈ ఇంటికొచ్చి ఇట్ల జరిగిందమ్మా అని చెప్పలే. మొన్న ఆ పుస్తకం వచ్చినాక నేనే పోయి కాళ్ల మీద పడినా. తలుపేసుకున్నాడు."

ఆమె ట్రంకుపెట్టెలోంచి ఇన్లాండు కవరు ఒకటి తీసి ఇచ్చింది. అన్న రాసిన ఆఖరి ఉత్తరం. డిసెంబరు అయిదో తారీఖు.

'నల్లీ, పరీక్షలకు బాగా చదువు. మన తిప్పయ్య ఈడగూడా చింతగింజల గంజే కాస్తాండాడు. నవ్వొద్దు. మా తుపాకుల మూతుల్లోకి దుమ్ము పోకుండా గుడ్డపేలికలు అంటించాల. సర్కారు జిగురు ఈ చలికి రాలిపోతాంది. తిప్పయ్య గంజి పూస్తే కత్తితో కోసి తియ్యాల్సిందే. తుపాకి పేలితే గుడ్డ చినిగిపోతాది, దిగినాక కొత్తది అంటిస్తాడు. ఇంకో తమాషా చెప్తా విను. తుపాకి మీట నొక్కినామంటే దాంతోపాటే ఒక కెమెరా గూడా తిరుగుతాది. ఎవణ్ణి కొట్టినామో సినిమా పడతాది. యుద్ధం అయినాక తెచ్చి నీకు చూపిస్తా. మన టూరింగు టాకీసు కన్నా బాగుంటాది.'

రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాను.

"అక్కా, నీ దగ్గర చింతగింజల పిండి ఉందా?"

"మగ్గాల ఊర్లో అది లేని కొంప ఉంటాదా?"

"ఒక పావుకిలో పొట్లం కట్టివ్వు."

ఆమె నా మొహం వంక చూసింది. కట్టి ఇచ్చింది.

*

స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి పది ఇరవై. వీరేష్ ఆ నల్లరాయి మీద ఒక కాలు పెట్టి నిలబడి బూటు లేసు కట్టుకుంటున్నాడు. సర్వీసులో ఇరవై రెండేళ్లు నేను దొంగలను పట్టినాను, ఆయన పతకాలు పట్టినాడు. నేను రాసిన రిపోర్టుల్లో ఆయన స్వయంగా రాసింది సంతకం ఒక్కటే. అది కూడా ఒకసారి తప్పు రాసినాడు.

"ఏమిరా ఓబిలేషూ! ఇంకా పెండ్లి సంబంధాల ఎంక్వయిరీలే చేస్తాండావా?"

"చేస్తాండా సార్. మొన్న మీ పేరు మీద గూడా ఒకటి వచ్చె. మనిషి మంచోడు, బుద్ధిమంతుడు అని రాసి పంపినా. అబద్ధాలు రాసేది మీ దగ్గర నేర్చుకున్నదే గదా. ముందు ఆ రాయి మీద కాలు తియ్యండి."

"రేపు పదకొండు దాటితే ఇది బట్టలుతికే బండ. దీనికింత మర్యాదనా?"

"ఇప్పుడింకా పది ఇరవై, ఈ దినం."

కాలు తీసినాడు. మర్యాద తెలిసి కాదు, లేసు కట్టడం అయిపోయి. పుస్తకం తెరిచి అందులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన పాత చీటీ ఒకటి బయటికి లాగినాడు.

"నీ ఎంక్వయిరీ ఈడనే ముగిసిపోయింది. చదువుకో. చదువొచ్చు గదా?"

"మీరు పక్కనుంటే మర్చిపోతుంటా సార్. ఇట్లివ్వండి."

తుపాకుల తనిఖీ చీటీ. తారీఖు 10-12-71. సమయం సాయంత్రం అయిదూ ఇరవై. విమానం నంబరు 47. ఎక్కించిన గుండ్లు రెండు వందల ముప్పై. మిగిలినవి రెండు వందల ముప్పై. మూతిగుడ్డలు చినగలేదు. పైలట్: హనుమంతరాయుడు. కింద తిప్పయ్య సంతకం. దానికింకా కింద, వేరే సిరాతో, వేరే చేతిరాతతో ఒక వరుస: కెమెరా ఫిల్ము, వాడినది, సున్నా అడుగులు.

"మీ ఊరోడు, మీ కులమోడు, వాని చేత్తోనే రాసిచ్చినాడు" అన్నాడు వీరేష్. "నీ వీరుడు ఒక్క గుండు కాల్చలేదు. రెండొందల ముప్పైకి రెండొందల ముప్పై! బేరం కాని తోపుడుబండి మాదిరి నిండుకు నిండు."

"ఇది మీకెట్ల వచ్చె సార్?"

"దొరే ఇచ్చినాడు. యాభై నాలుగేండ్లు భద్రంగా పెట్టుకున్నాడు."

"ఆఫీసు ఫైల్లో ఉండాల్సిన కాగితం ఆయన ఇంట్లో ఎందుకుండాదో అడిగినారా?"

"పెద్దోళ్లను అట్లాంటివి అడగరు."

"సరే. ఒక ఫోటో తీసుకుంటా."

"తీసుకో, తీసుకో. ఫ్రేము కట్టించుకొని ఆ ముసలామె ఇంట్లో తగిలించు. చీటీ మాత్రం నా దగ్గరే."

ఒకటి కాదు, నాలుగు ఫోటోలు తీసినాను. నాకు ఆ చీటీ మీద రెండు అనుమానాలు వచ్చినాయి. మొదటిదానికి నవ్వు వచ్చింది. దాన్ని వీరేష్ ముందర నవ్వితే, జన్మలో మొదటిసారి ఆయనకు ఆలోచన పుడుతుందేమోనని అణుచుకున్నాను.

*

తిప్పయ్య మగ్గం కొట్టం ఊరి చివర. నేను లోపలికి దూరినప్పుడు పదకొండూ అయిదు. ఆయన గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కంబళ్లు లేవు. సంతకు పోయినాయి."

"నీ కంబళి నాకొద్దులే తిప్పయ్య మామా. ఇప్పుడే ఒకదాని మీద కూర్చోనొచ్చినా. నడుము పట్టేసింది."

అప్పుడు తల ఎత్తినాడు. డెబ్భై ఆరేళ్లు. ఎండిన కంది కట్టె మాదిరి మనిషి.

కొట్టమంతా ఒక చుట్టు చూసినాను. మూల పొయ్యి, పొయ్యి మీద గంజికుండ, కుండ అంచున తెల్లటి మైదా చారలు. గోడకు రెండు కుంచెలు. మగ్గం మీద పరిచిన పడుగు దారాల మీద వేలు రుద్దితే వేలికి తెల్లగా పిండి అంటింది. పక్క కొట్టాల ముందర నడిచొస్తుంటే ముక్కుకు తగిలే పులిసిన చింతగింజల వాసన ఇక్కడ లేదు. గూట్లో దేవుడి పటం. పటం వెనకాల పొగాకు డబ్బా ఒకటి. ఆ డబ్బా మీద దుమ్ము లేదు. పటం మీద ఉంది.

"మామా, పొగాకు నములుతావా?"

"లేదు."

"ఎప్పుడన్నా?"

"ఎప్పుడూ లేదు. నువ్వెవరప్పా? పోలీసా?"

"పోలీసై ఉంటే నీ కోడి ఇప్పటికి కూర అయ్యుండేది. నల్లమ్మక్క పంపితే వచ్చినా." జేబులోంచి పొట్లం తీసి, విప్పి, పడుగు పక్కన గట్టు మీద పెట్టినాను. చింతగింజల పిండి.

పాము మీద చెయ్యి పడినట్టు వెనక్కి జరిగినాడు.

"తియ్యి దాన్ని!"

"మీ తాత ఇదే పెట్టె, మీ నాయన ఇదే పెట్టె. నువ్వు ఇమానాల తుపాకులకు గూడా ఇదే పూసినావంట గదా. ఇప్పుడు దీన్ని చూస్తే ఎందుకు మామా అంత భయం?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"హనుమంతరాయుడు."

ఉత్తరం తీసి గంజి దాకా చదివినాను. 'మన తిప్పయ్య' అన్న మాట దగ్గర ఆయన కాళ్లు మగ్గం గుంతలో ఆగిపోయినాయి. నేను ఊపిరి తీసుకోనివ్వలేదు.

"సైరను ఎన్నింటికి మోగింది?"

"నాలుగూ ముప్పై ఎనిమిది."

"గడియారం చూసినావా?"

"నా పెండ్లాం పోయిన తారీఖు మర్చిపోయినా. ఆ టైము మర్చిపోలే."

"ఎన్ని ఇమానాలు లేచినాయి?"

"రెండు. నలభై ఏడు, యాభై రెండు."

"ఎన్ని దిగినాయి?"

"ఒకటి."

"ఎన్నింటికి?"

"నాలుగూ యాభై ఆరు."

"దాని నంబరు?"

పడుగు దారాలు సర్దడం మొదలుపెట్టినాడు. ఫోనులో చీటీ ఫోటో తెరిచి ఆయన కళ్ల ముందర పెట్టినాను.

"ఇది నీ సంతకమేనా?"

"…నాదే."

"తనిఖీ చేసింది ఇమానం దిగినాకనా, దిగకముందా?"

"దిగినాకే. గాల్లో ఉంటే ఎట్ల చేస్తారు?"

"అదే నేను గూడా అడుగుతాండా. నువ్వు అయిదూ ఇరవైకి గుండ్లు లెక్కపెట్టి రాసినావు. నంబరు నలభై ఏడు. పైలట్ హనుమంతరాయుడు. ఆ టైముకు హనుమంతరాయుడు కాలి బూడిదై ఇరవై అయిదు నిమిషాలు దాటింది. అయితే చచ్చినోడు వచ్చి ఇమానం దించి, నీకు అప్పజెప్పి, టీ తాగి మళ్లీ పోయినాడా మామా? కూలిపోయిన ఇమానం గుండ్లు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. గుండ్ల లెక్క ఉండాది అంటే ఆ ఇమానం తిరిగొచ్చినట్టు. తిరిగొచ్చినోడు ఒక్కడే. ఆ దొర."

తిప్పయ్య చేతిలోని దారం తెంపి పక్కన పడేసినాడు. తర్వాత గుంతలోంచి పైకి లేచి, పటం వెనకాల పొగాకు డబ్బా తీసి నా చేతిలో పెట్టినాడు.

మూత తీసినాను. గుండ్రటి గుడ్డపేలికలు రెండు. పాత రూపాయి బిళ్ల కన్నా పెద్దవి, పిడక మాదిరి గట్టిపడి ఉన్నాయి. వెలుతురుకు పట్టి చూసినాను. చిల్లి లేదు, మసి లేదు. అంచు చుట్టూ కత్తితో కోసిన గుర్తు. వెనకవైపు ఎర్రమట్టి రంగు జిగురు. పైవైపు బూడిదరంగు దుమ్ము ఒకే దిక్కుకు చారలు కట్టి ఉంది. గాల్లో ఎగిరి వచ్చిన గుడ్డ అది, అరలో పడి ఉన్నది కాదు. పెన్సిలుతో రెండింటి మీదా '47'.

"ఆ పొద్దున జాబితాలో నలభై ఏడు హనుమంతన్నకు రాసినారు" అన్నాడు. గొంతు పాత కిటికీ రెక్క మాదిరి కిర్రుమంది. "సాయంత్రం నేను యాభై రెండుకు గంజి పూస్తాంటే అన్న నా పక్కనే నిలబడి శెనక్కాయలు తింటాన్నాడు. ఊరి శెనక్కాయలు, నల్లమ్మ పంపినవి. సైరను మోగె. దగ్గరుండేది యాభై రెండే, దాంట్లో దూకినాడు. దొర పరిగెత్తుకుంటా వచ్చి నలభై ఏడు ఎక్కినాడు. శెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, వచ్చి తింటా ఉంచు తిప్పయ్యా అనె."

"దొర దిగినాక?"

"నేను మూతులు చూసినా. గుడ్డలు అట్లనే ఉండాయి. ఏం సార్ అన్నా. నా చొక్కా పట్టుకునె. 'నీ గంజి రాయిలాగా గట్టిపడి నా తుపాకులు పేలలేదురా. అతని వెనక శత్రువు ఉన్నాడు, నేను కొట్టలేకపోయాను. నువ్వే చంపినావు అతణ్ణి' అనె. యాభై రెండు గంజి పచ్చిది, అందుకే అన్న తుపాకులు పేలి ఒకణ్ణి కూల్చినాడు. నలభై ఏడుది పొద్దున పూసింది, ఎండి బిగుసుకుపాయె. 'కోర్టు మార్షల్ చేసి జైల్లో వేయిస్తాను, లేదంటే జాబితాలో ఉన్న పేరే రాయి' అనె. రాసినా. ఫోటో సెక్షను పిల్లోడు వచ్చి కింద ఏదో గీకినాడు. నేనే ఆఫీసులో ఇస్తానని దొర చీటీ లాక్కపోయె. ఏటా జనవరి ఒకటో తారీఖు ఫోను చేస్తాడు. నీ సంతకం నా దగ్గర ఉంది అంటాడు. నల్లమ్మ మొగం ఎట్ల చూడల్ల నేను? వాళ్ల అన్నను చంపింది నా కుండలో గంజి."

ఇరవై రెండేళ్ల పల్లెటూరి కుర్రవాడిని ఆఫీసరు టోపీ పెట్టుకుని భయపెట్టడం. దానికి ఈ దేశంలో పతకాలు ఇస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నిదానంగానే అడిగినాను, సాక్షి నోటినుంచి రావాల్సిన మాట నేను చెప్పకూడదు.

"ఆ పిల్లోడు గీకింది నువ్వు చదివినావా?"

"లేదు. అది వాళ్ల సెక్షను పని."

"ఇప్పుడు చదువు."

ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చదివినాడు. "ఫిల్ము… వాడినది… సున్నా అడుగులు."

"హనుమంతన్న ఉత్తరంలో ఇంకో నాలుగు వరుసలు మిగిలినాయి మామా. విను." చదివినాను. 'తుపాకి మీట నొక్కినామంటే దాంతోపాటే ఒక కెమెరా గూడా తిరుగుతాది.'

"ఔ. తిరుగుతాది" అన్నాడు.

"తుపాకి మొరాయిస్తే?"

"మొరాయించినా తిరుగుతాది. దాని వైరు వేరే. మీట నొక్కితే చాలు, తుపాకి పేలనీ పేలకపోనీ, ఫిల్ము…"

ఆగిపోయినాడు.

బయట గొర్రె ఒకటి దగ్గింది. తిప్పయ్య ఫోనులోని ఆ వరుసను వేలితో తాకినాడు, ఫోటో పక్కకు జరిగిపోయింది, మళ్లీ వెనక్కి జరిపినాను.

"సున్నా" అన్నాడు.

"సున్నా అడుగులు."

"వాడు… మీటే నొక్కలేదు."

"నొక్కలేదు. నీ గంజి ఎండిందో పచ్చిగుందో తెలుసుకునేదానికి గూడా నొక్కలేదు. ముప్పై మిల్లీమీటర్ల గుండును గుడ్డపేలిక ఆపుతాదా మామా? హనుమంతన్న వెనకాల శత్రువు పడితే వీడు ముక్కు తిప్పుకొని ఇంటికొచ్చినాడు. పద్దెనిమిది నిమిషాల్లో. నీకు గంజి కథ చెప్పి యాభై నాలుగేండ్లు నీ నోరు అంటించినాడు. ఆ జిగురు మాత్రం బాగా పట్టింది."

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. గట్టు మీద పొట్లం దగ్గరికి పోయి, ఇంత పిండి వేళ్ల మధ్య తీసుకుని, వాసన చూసినాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"నల్లమ్మ ఇంటి పిండి. సరిగ్గా ఏయించలేదు" అన్నాడు.

*

పన్నెండూ పదికి గుమ్మం ముందర కారు ఆగింది. వీరేష్ అడుగు పెడుతూనే అరిచినాడు.

"ముసలోణ్ణి బెదిరిస్తాండావా ఓబిలేషూ? కేసు పెట్టిస్తా."

"రాండి సార్. మీ కోసమే చూస్తాండా. ఒకే ప్రశ్న. ఆ చీటీ తియ్యండి. అది దిగిన ఇమానానిదా, కూలిన ఇమానానిదా?"

"కూలిన… హనుమంతరాయుడుది గదా, కూలిన…" నోరు అక్కడే తెరుచుకుని ఉండిపోయింది. చీటీ తీసినాడు. చదివినాడు. తిప్పి చదివినాడు. వెనకాల ఏమీ లేదు. ఆయన తలలో చక్రం కదలడం నాకు వినిపించింది. చాలా ఏళ్లుగా నూనె లేని చక్రం.

"మీ దొర తన ఉరితాడు తనే నేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మీ చేతికిచ్చి ఊర్లో చూపించి రమ్మన్నాడు" అన్నాను. "వానికంటే మీరే నయం సార్. మీకు చదువు రాదు. వాడు చదువుకున్నోడు."

వీరేష్ చీటీ పట్టుకునే బయటికి నడిచి ఫోను చేసినాడు. అర నిమిషం గుసగుస. మళ్లీ లోపలికి వచ్చి ఫోను తిప్పయ్య ముందరికి చాచినాడు.

"దొర మాట్లాడతాడంట."

తిప్పయ్యకు చెవి మందం. "గట్టిగా వినపడేటట్టు పెట్టు" అన్నాడు. వీరేష్ స్పీకరు నొక్కినాడు. నేను జేబులో చెయ్యి పెట్టి నా ఫోను రికార్డింగు నొక్కినాను.

"తిప్పయ్యా, బాగున్నావా?" మెత్తటి గొంతు. "నేను గోరంట్ల గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నాను. నీ గంజి సంగతి నేను పుస్తకంలో రాయలేదు చూశావా? ముసలితనంలో నిన్ను రచ్చకెక్కించడం ఎందుకని. రేపు మీటింగు వైపు రాకు. ఇంట్లోనే ఉండు."

తిప్పయ్య నిటారుగా నిలబడినాడు. పాత అలవాటు, మడమలు రెండూ కలిసినాయి. పోయిందిరా సాక్షి అనుకున్నాను.

"సార్" అన్నాడు తిప్పయ్య. "గంజి తుపాకులకు పూసినా సార్. కెమెరాకు పుయ్యలేదు నేను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది.

ఆ తర్వాత వచ్చిన గొంతు మెత్తగా లేదు, తిప్పయ్యతోనూ కాదు. "వీరేష్, ఆ కాగితం నీ దగ్గరే ఉందా? కాల్చెయ్. ఇప్పుడే కాల్చెయ్. ఆ ముసలివాణ్ణి ఎక్కడికీ కదలనివ్వకు. మనుషులను తీసుకుని నేను బయల్దేరుతున్నాను."

వీరేష్ తడబడుతూ స్పీకరు ఆపే మీట కోసం వెతికేలోపల ఫోను కట్ అయింది. కొట్టంలో ముగ్గురమూ విన్నాం. నా జేబు కూడా విన్నది.

"కాల్చండి సార్" అన్నాను. "అగ్గిపెట్టె పొయ్యి దగ్గరుంది. సాక్ష్యం తగలబెట్టిన డీఎస్పీ అని రేపు పేపర్లో మీ ఫోటో గూడా వేస్తారు. మీ సొంత పనికి పేరు రావడం ఇదే మొదటిసారి."

ఆయన చీటీ వంక చూసినాడు, నా వంక చూసినాడు. కాల్చలేదు. జాగ్రత్తగా మడిచి లోపలి జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. నాకు నిజంగా భయం పుట్టింది అప్పుడే. కాల్చేవాడు ఒకరి మాట వినే కుక్క. దాచుకునేవాడు బేరం మొదలుపెట్టినవాడు.

"నీ దగ్గరుండేది ఫోటో" అన్నాడు గడపలో ఆగి. "పేలికలు ఎవడైనా తయారు చేస్తాడు. రేపు పదకొండుకు అసలు చీటీ లేకుండా నీకు మిగిలేది ఒక్కటే, ఈ ముసలోని నోరు. దాన్ని రేపటిదాకా ఎట్ల కాపాడుకుంటావో చూసుకో." నా జేబులోని రికార్డింగు సంగతి ఆయనకు తెలియదు. కారు స్టార్టు చేసి, ఊరి దారి వదిలి గోరంట్ల దారి పట్టినాడు. ఎదురు పోయి బేరం మాట్లాడటానికి.

"మామా, లెయ్యి. నల్లమ్మక్క ఇంటికి పోదాం. అక్కణ్ణుంచి అనంతపురం. నా బండి బయటే ఉంది."

తిప్పయ్య కదలలేదు. పొయ్యి దగ్గర కూర్చుని కుండలోని మైదా గంజిని వాకిట్లోకి ఒంపేసినాడు. కోడి వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. కుండ కడిగి, నీళ్లు పోసి, పొట్లంలో పిండి మొత్తం అందులో గుమ్మరించినాడు.

"నల్లమ్మను ఈడికే పిలుచుకరా. ఆ పది కొట్టాలోళ్లను గూడా పిలుచుకరా. జరిగింది అందరి ముందర ఈడనే చెప్తా. రేపటి దాకా దాచేది నా చేత కాదు."

"వాళ్లు మనుషులను తీసుకొని వస్తాండారు మామా! గోరంట్ల నుంచి ఇక్కడికి నలభై నిమిషాలు."

తిప్పయ్య పొయ్యిలో కంపపుల్ల ఎగదోసి, గరిటె తీసుకుని, అడుగంటకుండా కలపడం మొదలుపెట్టినాడు.

"రానీలే" అన్నాడు. "గంజి కాగేదానికీ అంతే పడతాది."